గోధుమ, సోయా, నట్స్ లేని వీగన్ కూర: "ఎవరైనా తినొచ్చు" అనొచ్చా?

పచ్చగరిటె
మా ఇంట్లో ఒకరికి గోధుమ పడదు, ఒకరికి జీడిపప్పు, బాదం లాంటివి పడవు, నేను వీగన్, అంటే పాలు, గుడ్లు, మాంసం లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ తినను. ఇలాంటి ఇంట్లో అందరికీ ఒకే గిన్నెలో వండడం కుదరదని ఇక్కడ తరచూ రాస్తుంటారు. శుభ్రంగా కుదురుతుంది. రాత్రంతా నానిన శనగల్ని మెత్తగా ఉడికించండి. నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించి, టమాటా మగ్గాక బంగాళాదుంప ముక్కలు, శనగలు వేయండి. దుంప ఉడికాక కొబ్బరిపాలు పోసి సన్నమంట మీద కాసేపు ఉంచి దించండి. అన్నంలోకి బాగుంటుంది.

పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతలు, నట్స్, వేరుశనగ, గోధుమ, సోయా, నువ్వులు: అమెరికా చట్టం ప్రధాన అలర్జీ కారకాలని చెప్పే తొమ్మిదిలో ఒక్కటీ ఇందులో లేదు. శనగలు ఉడికిన నీళ్లు పారబోయకండి. చిక్కబడ్డాక రెండు పెద్ద చెంచాలు తీసి గిలకొడితే ఒక గుడ్డులోని తెల్లసొన పని చేస్తాయి. ఎవరైనా తినొచ్చు. కాదనేవాళ్లుంటే చెప్పండి.

ఇద్దరుపిల్లలతల్లి
కాదంటాను. మా చిన్నవాడికి శనగలు, బఠానీలు పడవు. మీ కూర వాడు తినలేడు. శీర్షిక మార్చండి.

పచ్చగరిటె
శనగలు ఆ తొమ్మిదిలో లేవు కదండీ.

ఇద్దరుపిల్లలతల్లి
మావాడి ఒంటికి ఆ చట్టం తెలీదు.

లేబుల్‌రాజు
శనగల సంగతి అలా ఉంచండి. కొబ్బరి మాటేమిటి? అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొబ్బరిని నట్స్‌లోనే లెక్కేస్తుంది. "నట్స్ లేవు" అన్న మాటే తప్పు.

పచ్చగరిటె
లెక్కేసేది. 2025 జనవరిలో ఆ జాబితాలోంచి తీసేశారు.

లేబుల్‌రాజు
తీసేస్తే కొబ్బరి పడనివాళ్లకి పడటం మొదలైందా?

పచ్చగరిటె
లేదు. కానీ నట్స్ పడనివాళ్లలో చాలామంది కొబ్బరి తింటారు. రెండూ ఒకటి కాదు.

లేబుల్‌రాజు
"చాలామంది" అన్నారు. శీర్షికలో "ఎవరైనా" అని ఉంది. అదే నా బాధ.

కొత్తచెంచా
అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. బాదం బదులు పొద్దుతిరుగుడు గింజల పిండితో కేక్ చేస్తే లోపల ఆకుపచ్చగా వచ్చింది. పాడైందా? పారేయాలా?

గింజలగోల
పారేయకండి, భేషుగ్గా తినొచ్చు. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ యాసిడ్ వంటసోడాతో కలిస్తే ఆ రంగు వస్తుంది. ఈసారి సోడా తగ్గించి కాస్త నిమ్మరసం కలపండి.

పనిలో పని, అసలు ప్రశ్నకి కూడా నా మాట. తొమ్మిదిలో పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి వీగన్ వంటలో ఎలాగూ ఉండవు. నాలుగు పోయాయని సంబరపడతాం. కానీ వాటి స్థానంలో మనం తెచ్చుకునేవేమిటి? టోఫూ అంటే సోయా. క్రీమ్ అంటే జీడిపప్పు. మాంసం బదులు గోధుమలోని ప్రొటీన్, అదే గ్లూటెన్. సాస్ కోసం నువ్వుల ముద్ద. మిగిలిన ఐదింటి మీదే మన వంట నిలబడుతుంది. వాటినీ వద్దనుకుంటే భారమంతా శనగలు, బఠానీల మీద పడుతుంది. ప్యాకెట్ సరుకుల్లో ఇప్పుడు బఠానీ ప్రొటీన్ ఎక్కడ చూసినా కనిపించేది అందుకే. ఆ తల్లిగారి ఇబ్బంది అక్కడుంది. కొబ్బరి దగ్గర కాదు.

లేబుల్‌రాజు
కొబ్బరి దగ్గర కూడా ఉంది. పైగా యూరప్ జాబితాలో తొమ్మిది కాదు, 14 ఉన్నాయి. ఆవాలు, సెలెరీ అనే కాడల కూర, లూపిన్ అనే పప్పుజాతి గింజ కూడా. ఏ జాబితా చూసి "ఎవరైనా" అన్నారు?

పచ్చగరిటె
నా కూరలో ఆవాలు లేవు, సెలెరీ లేదు, లూపిన్ లేదు. మీరు వంట చదవట్లేదు, జాబితాలు చదువుతున్నారు.

తల్లిగారూ, మీ బాబుకి శనగల బదులు క్వినోవా, గుమ్మడి గింజలు వేసుకోండి. అంతేగా? ప్రపంచంలో ఒక్కరికి పడకపోయినా శీర్షిక మార్చాలంటే ఉత్త అన్నం మీద కూడా ఏమీ రాయలేం. మీలాంటివాళ్లకి ఏం వండిపెట్టినా వంక దొరుకుతుంది.

ఇద్దరుపిల్లలతల్లి
మాలాంటివాళ్లు అంటే ఎవరండీ?

చెప్తాను వినండి. మా పెద్దదానికి పాలు పడవు. ఓ హోటల్‌లో చాక్లెట్ డిజర్ట్ గురించి అడిగితే "వీగన్ అమ్మా, పాలుండవు, ఎవరైనా తినొచ్చు" అన్నారు. మీ మాటే, అక్షరం పొల్లుపోకుండా. తిన్న కాసేపటికే పెదాలు వాచాయి, ఊపిరి ఆడలేదు. ఆసుపత్రికి పరిగెత్తాం. తర్వాత తెలిసింది, పాలతో చేసే డిజర్ట్‌కి వాడిన గిన్నెలోనే అదీ కలిపారట. వీగన్ అన్న లేబుల్ వేరు, అలర్జీ భద్రత వేరు. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2024లో ఈ విషయం మీదే జనానికి ప్రత్యేకంగా హెచ్చరిక ప్రచారం చేసింది. పాలు వేయకపోవడం ఒక ఎత్తు, పాల మరక కూడా తగలకుండా వండటం ఇంకో ఎత్తు.

మీ పోస్టులో గిన్నె గురించి, గరిటె గురించి, కూరలు తరిగే పలక గురించి ఒక్క ముక్క ఉందా? ఉడికితే పోతుందిలే అనుకోవడానికి ఇది క్రిమి కాదు, ప్రొటీన్. చేతులకి శానిటైజర్ రాసుకున్నా పోదు, సబ్బు, నీళ్లు పెట్టి కడగాల్సిందే.

పచ్చగరిటె
పాపకి అలా జరగడం ఘోరం. కానీ అది ఆ హోటల్ చేసింది. దానికి నా గిన్నెని ఎందుకు నిలదీస్తారు? నేను ప్రతి ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివేదాన్ని. గోధుమకి వేరే పలక, వేరే జల్లెడ పెట్టుకున్నదాన్ని.

ఇక నా సంగతీ వినండి. మా అక్క పిల్లలకి నట్స్ పడవు. పుట్టినరోజుకి పిలిచి, పొద్దున్నుంచీ నిలబడి వండాను. వాళ్ల కోసమే జీడిపప్పు క్రీమ్ మానేసి, ఉడికిన కాలీఫ్లవర్ రుబ్బి పోశాను. అక్క వచ్చి సంచిలోంచి డబ్బాలు తీసి, బల్ల మధ్యలో పెట్టి, పిల్లలకి అవే పెట్టింది. ఏం వేశావని కూడా అడగలేదు. అదే అక్క ఇంటికి నేను వెళ్తే ఇన్నేళ్లుగా నాకు ఉత్త అన్నం, కీరా ముక్కలు. ఎందుకంటే "నీది ఇష్టం, వాళ్లది ఆరోగ్యం" అట. మీరు శీర్షిక మార్చమంటే నాకు అదే వినిపిస్తోంది.

గ్లూటెన్‌లేనిమనిషి
ఇప్పుడు దారిలోకి వచ్చారు. ఇంతసేపూ కొబ్బరి, కొబ్బరి అని తల తినేశారు.

లేబుల్‌రాజు
కొబ్బరి ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

ఇద్దరుపిల్లలతల్లి
మీ అక్క అడిగి ఉండాల్సింది. ఒప్పుకుంటాను. కానీ డబ్బా తేవడం అవమానం అంటే మాత్రం ఒప్పుకోను. మీరు ఉత్త అన్నం తిని ఇంటికొస్తే ఆకలి, కోపం. నేను పొరపాటున నమ్మితే అంబులెన్స్. ఈ రెండూ ఒకటేనని మీరు అనరనుకుంటా.

పచ్చగరిటె
ఒకటని అనలేదు. మీదానికి ప్రాణభయం ఉంది కాబట్టి నాది పట్టించుకోనక్కర్లేదు అనేది మాత్రం నాకు మింగుడుపడదు. జంతువుల పాలు తాగకపోవడం నాకు సరదా కాదు. మీ ఇంటికొస్తే నాకేం పెడతారు?

ఇద్దరుపిల్లలతల్లి
నిజం చెప్పాలంటే, ఆలోచించలేదు. మా ఇంట్లో పాలు ఎలాగూ రావు, గుడ్లు మాత్రం వండుతాం. శనగలు, బఠానీలు తీసేస్తే వాడికి ప్రొటీన్ ఎక్కణ్ణుంచి తేను? వీగన్ సులువు అని మీరు రాసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది అందుకే.

గింజలగోల
పిల్లల విషయంలో గుడ్లు తీసేయాలన్నా, ఉంచాలన్నా డాక్టర్, డైటీషియన్ చెప్పాలి, మనం కాదు. పూర్తి వీగన్ అయితే బి12 ఎలాగూ మాత్రల్లోనో, బి12 కలిపిన ఆహారంలోనో తీసుకోవాల్సిందే, అది మొక్కల నుంచి సరిపడా రాదు. ఈ విషయంలో వీగన్లు కూడా "అంతా వంటింట్లోనే ఉంది" అనడం ఆపాలి.

కొత్తచెంచా
కొబ్బరిపాల బదులు బియ్యంపాలు పోయొచ్చా?

గింజలగోల
పెద్దవాళ్లకైతే పోయొచ్చు, కాకపోతే పలచగా ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకి పాల బదులు బియ్యంపాలు ఇవ్వొద్దని బ్రిటన్‌లో చెప్తారు, ఆర్సెనిక్ వల్ల. చిక్కదనమే కావాలంటే కూరలోని దుంపలు నాలుగు తీసి మెదిపి మళ్లీ కలపండి. ఏ పాలూ అక్కర్లేదు.

పచ్చగరిటె
శీర్షిక మార్చట్లేదు. పోస్టు కింద మాత్రం వేసిన సరుకులన్నీ, వాడిన పలకతో సహా రాశాను. శనగలు, కొబ్బరి పడనివాళ్లు తినొద్దని పైనే పెట్టాను. రాజుగారూ, చూసుకోండి.

ఇద్దరుపిల్లలతల్లి
చూశాను. నూనె ఏదో రాయలేదు.

పచ్చగరిటె
పొద్దుతిరుగుడు. ప్యాకెట్ వెనక వైపు ఫోటో కూడా కావాలా?

ఇద్దరుపిల్లలతల్లి
కావాలి.