ఎగువన చెక్‌డ్యాములు కడితే దిగువ చెరువుకు నీళ్లు రావా?

చెరువుకట్ట:
మాది అనంతపురం జిల్లాలో ఒక వంక నీటితో నిండే చెరువు కింది ఆయకట్టు. ఎగువ గ్రామాల్లో వాటర్‌షెడ్ పనుల కింద చెక్‌డ్యాములు, ఊటకుంటలు, కొండవాలున కందకాలు వచ్చిన తరువాత మా చెరువు నిండి మరువ (అదనపు నీరు పొర్లిపోయే చోటు) పారడమే అరుదైపోయింది. ఊళ్లన్నీ కలిసి పరీవాహకాన్ని కాపాడుకోవాలని అందరూ అంటున్నారు గాని, ఆ సమావేశాలకు దిగువ ఊరిని పిలిచినవారు లేరు. ఎగువన ఇకపై ఒక్క చెక్‌డ్యాము కూడా కట్టకూడదని నా అభిప్రాయం.

ఊటకుంట:
చాలాకాలం ఈ పనుల్లోనే ఉన్నవాడిగా చెబుతున్నాను. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ వాన కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురిసి వెళ్లిపోతున్నప్పుడు, కొండ మొదలు నుంచే నీటి పరుగును ఆపకపోతే పైమట్టి కొట్టుకువచ్చి మీ చెరువులోనే పూడికగా చేరుతుంది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999 నుంచి మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో ఊరివారు చేసుకున్న పనుల వల్ల బావుల్లో నీటిమట్టం పెరిగింది. మీ చెరువు నిండకపోవడానికి చెక్‌డ్యాములే కారణమని ఎలా తేల్చారు?

వానకోయిల:
చెరువుకు నీరు తెచ్చే వరవ కాలువల ఆక్రమణను వదిలేసి చెక్‌డ్యాముల మీద పడటం సరికాదు.

చెరువుకట్ట:
నేను బావుల సంగతి అడగలేదు, దిగువ చెరువు సంగతి అడిగాను. మా ఎగువన ఒక చెక్‌డ్యాము గోడ అంచనాలో చూపిన ఎత్తు కంటే మోకాలెత్తు పైకి లేచింది. ఆ విషయమై ఇచ్చిన అర్జీకి రసీదు తప్ప జవాబు రాలేదు. ముందు ఆ మోకాలెత్తుకు సమాధానం చెప్పండి.

ఊటకుంట:
ఆ మోకాలెత్తు గోడ వెనుక నిలిచే నీరు చెరువు సామర్థ్యం ముందు లెక్కలోకి రాదు. అర్జీ సంగతి వేరు, జలవిజ్ఞానం వేరు.

నేలతేమ:
గోడ ఎత్తు దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. చెక్‌డ్యాము ఏడాదికి ఒక్కసారి నిండి ఊరుకోదు. నిండిన నీరు ఇంకుతుంది, పక్క బోరు దాన్ని తోడుతుంది, మళ్లీ వానకు మళ్లీ నిండుతుంది. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయేంత వాన పడినప్పుడు ఎగువన ఎన్ని గోడలున్నా చెరువులకు కొరత రాదు. కొరవడిన ఏట మాత్రం వంకలో పారే కొద్దిపాటి నీటిలో పెద్ద వాటా పైనే ఆగిపోతుంది. దిగువవారికి నీరు ఎక్కువ అవసరమయ్యేది కూడా ఆ ఏడే.

మెట్టచేను:
మాది ఆ ఎగువ ఊరే. మా తాతల కాలం నుంచి మా చేలమీద పడ్డ వాన మీ వరి మళ్లకు పారింది, మాకు మిగిలింది వేరుశనగ, వలస. వరుసగా వేసిన బోర్లు ఎండి, వాటి అప్పు ఇంకా కడుతున్నాను. ఇప్పుడు చెక్‌డ్యాము పుణ్యమా అని బోరులో నాలుగు నీళ్లు కనిపిస్తుంటే కట్టవద్దంటారా? మా గట్టు మీద కురిసిన వాన మాకు కాకుండా ఎలా పోతుంది?

చెరువుకట్ట:
అయితే సూటిగా అడుగుతాను. ప్రభుత్వ సొమ్ముతో, ఊరందరి పేరు చెప్పి ఇంకించిన నీటితో పెరుగుతున్నది ఎవరి చీనీ (బత్తాయి) తోటలు? మీ ఊళ్లోనే బోరు లేని వేరుశనగ రైతుకు ఆ చెక్‌డ్యాము వల్ల ఒక్క తడి అయినా అందిందా? నా గొడవ గోడతో కాదు, దాని పక్కన ఎడతెరిపి లేకుండా నడుస్తున్న మోటార్లతో.

నేలతేమ:
ఈ మాట మొదటే వచ్చి ఉంటే బాగుండేది. నీటిని నిలపడానికి ఊరంతా కలుస్తుంది, తోడుకోవడం మాత్రం ఎవరికి వారే. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలి. అమలు ఎంతవరకో రైతులకు తెలియనిది కాదు. మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో సేద్యానికి బోర్లు వద్దని ఊరే కట్టుబాటు పెట్టుకుని, ఏటా నీటి లెక్క చూసి పంటలు నిర్ణయించుకుంటుంది. మన దగ్గర రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ఏపీఫామ్స్ పథకంలో, అనంతపురంతో సహా 7 జిల్లాల్లో రైతులే వానమాపకాలు చదివి, బావుల మట్టాలు కొలిచి, రబీకి ముందు ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని గోడమీద రాసుకున్నారు. అక్కడ నిషేధం లేదు. లెక్క అందరి కళ్లెదుట ఉండటం వల్లే కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. ఈ లెక్కను ఒక్క ఊరికి పరిమితం చేయకుండా వంక పొడవునా, మీ రెండు ఊళ్లకూ కలిపి వేయాలని నా కోరిక.

ఊటకుంట:
లెక్కకు నేను సిద్ధం. కొత్త బోర్లకు కట్టుబాటు పెడితే మాత్రం ఇప్పటికే బోరున్నవారికి అది హక్కు పత్రంలా మారుతుంది, లేనివారు శాశ్వతంగా బయట ఉండిపోతారు.

మెట్టచేను:
అక్టోబరులో రెండు ఊళ్ల సమావేశం పెడితే మా వాళ్లను నేను తీసుకువస్తాను. అయితే మా బోర్లతో పాటు మీ చెరువు కింది ఆయకట్టులో వేసిన బోర్లనూ లెక్కలో రాయాలి. చెరువు నీరు ఊటగా దిగేది వాటిలోకే.

చెరువుకట్ట:
ఆయకట్టు బోర్ల మీద మా వాళ్లు ఒప్పుకోవడం కష్టం. అడిగి చెబుతాను.