ఓడల మీద వచ్చే పశువులకు 90 రోజుల క్వారంటైన్ ఎందుకు విధించారు?

ప్రశ్న (రేవు చరిత్ర పాఠకుడు)

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో సముద్రం మీదుగా సాగిన పశువుల వ్యాపారం గురించి చదువుతున్నాను. అప్పటి నిబంధనలు ఒక దేశానికీ మరొక దేశానికీ ఇంత భిన్నంగా ఎందుకున్నాయో నాకు అర్థం కావడం లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఐరోపా నుంచి వచ్చే ఆవులను, ఎద్దులను 90 రోజులు విడిగా ఉంచేవి. అదే గొర్రెలకు, పందులకు 15 రోజులతో సరిపెట్టేవి. పైగా పశువులకు ఆ 90 రోజులను రేవులో దిగిన నాటి నుంచి కాకుండా ఓడ బయలుదేరిన నాటి నుంచి లెక్కించేవారు. కెనడా కూడా 1876లో క్యూబెక్ ఎదుట నది ఆవలి ఒడ్డున ఉన్న లెవీ వద్ద క్వారంటైన్ కేంద్రం పెట్టి ఇటువంటి గడువునే అమలు చేసింది. బ్రిటన్ మాత్రం చాలా దేశాల పశువులను రేవు దాటనివ్వకుండా అక్కడే వధించాలని ఆదేశించింది.

ఈ 90 అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? ప్రయాణపు రోజులను క్వారంటైన్‌లో కలిపి లెక్కించడం వ్యాపారులకు ఇచ్చిన రాయితీయా, లేక దానికి శాస్త్రీయమైన ఆధారం ఏదైనా ఉందా? తెలిసినవారు వివరించవలసిందిగా మనవి.

మొదటి సమాధానం (విశ్రాంత పశువైద్యుడు)

ఆ గడువును అర్థం చేసుకోవాలంటే ముందుగా ఏ రోగాన్ని దృష్టిలో పెట్టుకొని దాన్ని నిర్ణయించారో చూడాలి. 90 రోజుల నిబంధన ప్రధానంగా ప్లూరోన్యుమోనియా అనే ఊపిరితిత్తుల అంటురోగాన్ని ఉద్దేశించినది. గాలికుంటు వ్యాధి సోకిన పశువులో సాధారణంగా రెండు వారాల లోపే నోటిలోనూ గిట్టల మధ్యనూ పుండ్లు కనిపిస్తాయి. 2011లో ప్రపంచమంతటా నిర్మూలనమైన రిండర్‌పెస్ట్ అనే పశువుల ప్లేగు కూడా దాదాపు అంతే వ్యవధిలో బయటపడి, సోకిన పశువులలో ఎక్కువ భాగాన్ని చంపివేసేది. ఊపిరితిత్తుల రోగం స్వభావం వేరు. అది బయటపడడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు, కొన్ని సందర్భాలలో నెలల తరబడి కూడా పడుతుంది. అంతకన్నా ప్రమాదకరమైన విషయం ఏమిటంటే, కోలుకున్నట్టు కనిపించే పశువు ఊపిరితిత్తులలో చచ్చిన కణజాలం ఒక గట్టి పొరలో బంధించబడి, దాని లోపల రోగకారకం సజీవంగా మిగిలిపోవచ్చు. అటువంటి ఆవు మేత మేస్తుంది, పాలిస్తుంది, చూసేవారికి నిక్షేపంగా ఉంటుంది.

ఈ రోగం దేశాలు దాటిన తీరు అంతా ఇలాంటి ఒక్కొక్క పశువు కథే. 1843లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఓడలోని ఒక పాడి ఆవును న్యూయార్క్ పక్కనున్న బ్రూక్లిన్‌లో ఒక పాల వ్యాపారి కొన్నాడు. అక్కడి పాడి మందలలో రోగం ఆ ఆవుతోనే మొదలైంది. 1850ల తొలి సంవత్సరాలలో నెదర్లాండ్స్ నుంచి దక్షిణాఫ్రికాలోని మోసెల్ బే రేవుకు చేరిన పశువులతో రోగం ఆ ఖండపు దక్షిణ భాగంలో ప్రవేశించి, ఖోసా ప్రజల మందలను నాశనం చేసింది. 1858లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్ చేరిన ఒక ఆవు ద్వారా ఆస్ట్రేలియాకు వెళ్లింది. తెరచాప ఓడలో ఆ ప్రయాణానికి సుమారు మూడు నెలలు పట్టేది. అంత కాలం సముద్రం మీద గడిచినా రోగం చావలేదన్నది గమనించవలసిన సంగతి.

ఇక ప్రయాణపు రోజులను కలపడం గురించి. నా అభిప్రాయంలో అది రాయితీ కాదు, దానికి తర్కం ఉంది. క్వారంటైన్ గడియారం మొదలు కావలసింది పశువు రేవులో కాలు పెట్టినప్పుడు కాదు, రోగమున్న పశువుతో కలిసే అవకాశం చివరిసారిగా ముగిసినప్పుడు. ఓడ ఎక్కిన తరువాత దానికి కొత్త పశువులు తగలవు కాబట్టి ఆ రోజు నుంచి లెక్కించడం సబబే. అయితే దీనిలో ఒక షరతు దాగి ఉంది. ఓడలో గానీ కొట్టంలో గానీ ఒక్క పశువుకు రోగం కనిపించినా, దానితో ఉన్న మిగిలినవాటికి అప్పటిదాకా గడిచిన రోజులు లెక్కలోకి రావు. గుంపు మొత్తానికి లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే. పాత నిబంధనలను చదివేటప్పుడు రోజుల సంఖ్య కన్నా ముందు ఈ షరతు ఉందో లేదో చూడండి.

గొర్రెలకు, పందులకు ఈ ఊపిరితిత్తుల రోగం రాదు కాబట్టి వాటిని అంత కాలం ఆపవలసిన అవసరం రాలేదు.

రెండవ సమాధానం (బ్రిటిష్ వాణిజ్య చరిత్ర విద్యార్థిని)

బ్రిటన్ వధమార్గాన్ని ఎంచుకోవడానికి కారణం 1865. నేడు టాలిన్ అని పిలిచే రెవెల్ నుంచి హల్ రేవుకు ఆ సంవత్సరం వేసవి ఆరంభంలో ఓడ మీద వచ్చిన పశువుల ద్వారా రిండర్‌పెస్ట్ దేశంలో ప్రవేశించిందని చరిత్రకారులలో ఎక్కువమంది భావిస్తారు. లండన్‌లోని ఇస్లింగ్టన్ పాడి కొట్టాలలో అది జూన్‌లో బయటపడింది. అప్పటికి రైలుమార్గాలు వచ్చేశాయి. లండన్ సంతలో సోమవారం అమ్ముడైన పశువు వారం తిరగకముందే దేశపు మరో మూలకు చేరగలదు. జాన్ గామ్జీ అనే పశువైద్యుడు ఈ ప్రమాదం గురించి ముందుగానే హెచ్చరించాడు. 1863లో హాంబర్గ్‌లో తొలి అంతర్జాతీయ పశువైద్య సమావేశాన్ని పిలిపించినవాడు ఆయనే. ఆయన మాటను సకాలంలో పట్టించుకోకపోవడం నాకు ఈ చరిత్ర మొత్తంలో అత్యంత బాధ కలిగించే అంశం.

1869 చట్టం తరువాత అనుమానిత దేశాల పశువులను దిగిన చోటనే వధించే పద్ధతి స్థిరపడింది. లండన్‌కు దిగువన డెప్ట్‌ఫర్డ్ వద్ద మూతపడిన రాచ నౌకా నిర్మాణ కేంద్రంలో 1871లో విదేశీ పశువుల సంత తెరిచారు. అక్కడ దిగిన పశువు ప్రాణంతో ఆవరణ దాటకూడదు. దిగిన 10 రోజులలోపు దాన్ని వధించాలి. లివర్‌పూల్ ఎదుట బర్కెన్‌హెడ్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉండేది.

ఇది 90 రోజుల పద్ధతికి పూర్తి విరుద్ధంగా కనిపించినా, తేడా రోగంలో కన్నా సరకులో ఉంది. అమెరికాకు ఐరోపా నుంచి వెళ్లినవి ఎక్కువగా మేలుజాతి ఆబోతులు, ఆవులు. సంఖ్య తక్కువ, ఒక్కొక్కదాని విలువ ఎక్కువ, వాటిని సంతానం కోసం కొన్నారు. కాబట్టి మూడు నెలల మేత ఖర్చును యజమాని భరించగలడు. బ్రిటన్‌కు వచ్చినవి మాంసం కోసం వచ్చిన మందలు. వేలకొద్దీ పశువులను మూడు నెలలు రేవులో మేపడం ఎవరి తరమూ కాదు. ఎలాగూ వధశాలకు వెళ్లవలసిన పశువు అక్కడే వధకు గురైతే మాంసం నగరానికి చేరుతుంది, రోగం రేవులోనే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలనిపిస్తోంది. ఈ నిబంధనలన్నీ రోగభయంతోనే పుట్టాయని నేను నమ్మను. 1892లో కెనడా పశువులలో ఊపిరితిత్తుల రోగం కనిపించిందని చెప్పి, అవి సజీవంగా లోపలి ప్రాంతాలకు వెళ్లడాన్ని బ్రిటన్ ఆపివేసింది. తమ దేశంలో ఆ రోగం లేదని కెనడా పదేపదే వాదించింది. అయినా 1896 చట్టంతో రేవులోనే వధ అనే నియమం విదేశీ పశువులన్నింటికీ శాశ్వతమైంది. స్కాట్లాండ్ రైతులలో బక్క పశువులను కొని మేపి అమ్ముకునేవారు దీనివల్ల నష్టపోయారు. దేశీయంగా పశువులను పెంచేవారు లాభపడ్డారు. కెనడా పశువులకు మళ్లీ దారి తెరిచిన చట్టం 1922లో గానీ రాలేదు. ముప్పై ఏళ్ల పాటు నిలిచిన ఆ నిషేధంలో వైద్యం పాలెంత, వ్యాపారం పాలెంత అన్నది మీ వ్యాసంలో తప్పక చర్చించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. సరకును బట్టి నిబంధన మారిందన్న విషయం నాకు తట్టలేదు. ఇప్పుడు మరొక సందేహం కలుగుతోంది. నిర్ణయించిన రోజులు ఉంచినా రోగం బయటకు పొక్కిన సందర్భాలు ఉన్నాయా? పశువులను ఆపినా, వాటితో వచ్చిన గడ్డి, పేడ, పలుపులు, కాపలా మనుషుల సంగతి ఏమిటి?

మూడవ సమాధానం (అంటురోగాల చరిత్రపై ఆసక్తి గలవాడు)

మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి సమాధానం ఉంది. 1884లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ రేవుకు గాలికుంటు వ్యాధి సోకిన పశువులు వచ్చాయి. అక్కడ క్వారంటైన్ కేంద్రం ఉంది, పశువులను అందులోనే ఉంచారు. అయినా రోగం కేంద్రం దాటి పరిసరాలలోని కొన్ని మందలకు పాకింది. ఆ రోగపు వైరస్ చెప్పులకు, బట్టలకు, గడ్డికి, బండి చక్రాలకు అంటుకొని ప్రయాణించగలదు. కంచె పశువును ఆపుతుంది గానీ, పశువుకు మేత వేసి సాయంత్రం తన సొంత కొట్టానికి వెళ్లే మనిషిని ఆపదు. అందుకే ఓడలో పశువులున్న అరలను గీకి, కడిగి, సున్నం కొట్టడం, పేడనూ మిగిలిన మేతనూ బయటకు పోనివ్వకపోవడం వంటి నియమాలు రోజుల లెక్కకు ఏమాత్రం తీసిపోవు. చదివేవారికి అవి చిల్లర వివరాలుగా కనిపిస్తాయి. నా దృష్టిలో నిబంధనకు ప్రాణం అక్కడే ఉంది.

మరొక రకం వైఫల్యం 1920లో ఆంట్‌వెర్ప్ రేవులో జరిగింది. భారతదేశం నుంచి బ్రెజిల్‌కు వెళుతున్న మూపురపు పశువులు దారిలో బెల్జియంలో ఆగాయి. అవి అక్కడ అమ్మకానికి వచ్చినవి కావు, రేవు మీదుగా వెళ్లిపోవలసినవి. ఆ కొద్దికాలపు మజిలీలోనే వాటి నుంచి ఇతర పశువులకు రిండర్‌పెస్ట్ సోకి దేశంలోకి పాకింది. ఆ దెబ్బతో 1921లో పారిస్‌లో అంతర్జాతీయ సమావేశం జరిగింది. 1924 జనవరి 25న 28 దేశాలు ఒప్పందం చేసుకొని పశురోగాల సమాచారం కోసం అంతర్జాతీయ కార్యాలయాన్ని స్థాపించాయి. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకు మూలం అదే. ఏ దేశంలో ఏ రోగం ఉందో ఓడ బయలుదేరకముందే తెలియాలన్న ఆలోచన ఆ రేవులో నేర్చుకున్న పాఠం నుంచి వచ్చింది.

రోగాన్ని పట్టుకున్న ఉదాహరణ కూడా ఒకటి చెబుతాను. 1906లో టెక్సాస్‌కు చెందిన ఒక పశుక్షేత్రం కోసం భారతదేశం నుంచి తెచ్చిన పశువులను న్యూయార్క్ సమీపంలోని ఒక చిన్న దీవిలో నిలిపారు. వాటిలో కొన్నింటి రక్తంలో సర్రా అనే పరాన్నజీవి వ్యాధి బయటపడింది. సర్రాను జోరీగలు ఒక పశువు నుంచి మరొకదానికి మోసుకుపోతాయి. కాబట్టి ఇక్కడ 90 రోజులు వేచి చూడడం ఒక్కటే సరిపోదు, రక్తపరీక్ష చేయాలి, ఈగను కూడా ఆపాలి. రోగమున్నవాటిని చంపి, మిగిలినవాటిని పరీక్షల తరువాతనే విడుదల చేశారు.

మొదటి సమాధానమిచ్చినవారి అదనపు వివరణ (విశ్రాంత పశువైద్యుడు)

దీవి అన్న మాట వచ్చింది కాబట్టి దాని గురించి కొంత చెప్పాలి. న్యూజిలాండ్‌లో లిటిల్టన్ రేవుకు క్వేల్ దీవి, వెల్లింగ్టన్ రేవుకు సోమ్స్ దీవి పశువుల క్వారంటైన్‌కు ఉపయోగపడ్డాయి. సెయింట్ లారెన్స్ నదిలోని గ్రోస్ ఇల్ ఒకప్పుడు వలస వచ్చిన మనుషులను ఆపిన దీవి. 1960ల మధ్యలో కెనడా అక్కడే ఐరోపా పశువులను ఆపింది. 1960ల ఆరంభంలో బ్రెజిల్‌కు వెళ్లిన మన ఒంగోలు జాతి పశువులు కూడా ప్రధాన భూభాగానికి చేరేముందు ఫెర్నాండో డి నరోన్యా దీవిలో గడువు పూర్తి చేయవలసివచ్చింది. నీటి మధ్య దూరం కంచె కన్నా నమ్మదగినదే. అయితే మెక్సికో అనుభవం దానికీ పరిమితి చూపింది. 1946లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఆబోతులను వెరాక్రూజ్ ఎదుట ఉన్న సాక్రిఫిసియోస్ దీవిలో ఉంచి తరువాత దేశంలోకి వదిలారు. ఆ సంవత్సరాంతానికి గాలికుంటు వ్యాధి నిర్ధారణ అయింది. దాన్ని తొలగించడానికి ఏళ్లు పట్టింది. ఆ రోగం నుంచి కోలుకున్న పశువు గొంతులో వైరస్ చాలా నెలలు ఉండగలదన్న సంగతి శాస్త్రానికి స్పష్టంగా తెలిసింది ఆ తరువాతి కాలంలోనే.

పరీక్షలు వచ్చాక గడువు ఒక్కటే ఆధారంగా ఉండే కాలం పోయింది. 1890 నాటి ట్యూబర్‌క్యులిన్ అనే పరీక్షా పదార్థంతో క్షయనూ, ఆ వెంటనే వచ్చిన మాలీన్ అనే అటువంటి పదార్థంతో గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగాన్నీ లక్షణాలు లేని పశువులో సైతం గుర్తించగలిగారు. ఈ రెండు రోగాలకూ 90 రోజులైనా 900 రోజులైనా ఒకటే. అవి ఏళ్ల తరబడి లోపల దాగి ఉండగలవు.

భారతదేశపు నిబంధన కోసం వెతికేవారు 1898 నాటి పశు దిగుమతి చట్టం, అంటే ఆ సంవత్సరపు 9వ చట్టం, చూడవచ్చు. అది గుర్రాలు, ఆవులు, ఒంటెలు, గొర్రెలతో మొదలై, ప్రభుత్వం ప్రకటించే ఇతర జంతువులకూ వర్తిస్తుంది. గోమార్ల బెడద, దొమ్మ రోగం, గ్లాండర్స్, గజ్జి వంటివాటిని పేర్కొని, దిగుమతిని నియంత్రించే లేదా నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. చట్టంలోనే రోజుల సంఖ్యను బిగించకుండా, ప్రకటనల ద్వారా ఆయా పరిస్థితులను బట్టి నిర్ణయించే వీలు కల్పించడం నాకు తెలివైన పద్ధతిగా కనిపిస్తుంది. కాబట్టి మీరు చట్టపు పాఠంతో ఆగకుండా, దాని కింద వెలువడిన ప్రకటనలను రేవు వారీగా, సంవత్సరం వారీగా చూడవలసి ఉంటుంది.