స్టీరియో మార్చాక ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది: కోడ్ మనమే చెరిపేయొచ్చా?

అనంతపురం అల్లుడు:
అన్నలకీ అక్కలకీ నమస్తే. ఉండేది బెంగళూరు, మారతహళ్లి. బండి 2019 హ్యాచ్‌బ్యాక్, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఆదివారం జేసీ రోడ్డులో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించినా. పాట బాగుంది, రివర్స్ కెమెరా బాగుంది. ఇంటికొచ్చి చూస్తే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ బొమ్మ ఎర్రగా వెలుగుతోంది, ఆరడంల్యా. షాపాయనకు ఫోన్ చేస్తే "రెండ్రోజులు తిప్పండి సార్, అదే పోతుంది" అన్నాడు. పోలేదు. సర్వీస్ సెంటర్‌కు పోతే "బయట వైరింగ్ ముట్టుకున్నారు, హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలి" అని ఐదంకెల అంచనా చేతిలో పెట్టినారు. కడుపు మండి ఎస్పీ రోడ్డులో ఏడొందలకు, బండి కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్లు చదివే బ్లూటూత్ స్కానర్ కొన్నా. యాప్ ఏమో "కోడ్లు లేవు" అంటుంది. లైటు మాత్రం అట్లే ఉంది! వచ్చే శుక్రవారం పిల్లోళ్లతో ఊరికి పోవాల. ఎట్లోకట్ల చెరిపేసి పోదునా, ఎవరికన్నా చూపించి పోదునా?

సిల్క్‌బోర్డు సన్యాసి:
గింత దానికి గాబరా ఎందుకు తమ్మీ? బ్యాటరీ మైనస్ పీకి అరగంట ఉండనియ్, మల్ల పెట్టు. నా పాత బండికి స్టీరియో ఏసినప్పుడు ఇంజిన్ లైటు వస్తే గట్లనే పోయింది, నాలుగేండ్లు మల్ల రాలే. స్టీరియో మార్చినప్పుడు ఏదో ఒకటి గొణగడం బండికి అలవాటే. సర్వీస్ సెంటరోళ్లు గూడ ఫస్టు చేసేది క్లియర్ బటన్ ఒత్తుడే, మనం ఒత్తితే తప్పైతదా?

లాగ్ చదివేవాడు:
తప్పే. పగలంతా ఆఫీసులో సర్వర్లు చూసే పని నాది. బగ్ వచ్చిందని లాగ్ ఫైల్ (ఏం జరిగిందో సర్వర్ రాసుకున్న చిట్టా) డిలీట్ చేసి టికెట్ మూసేసేవాణ్ణి మీరైతే ఏమంటారు? ఇదీ అంతే. కోడ్ చెరిపితే పోయేది కోడ్ ఒక్కటే కాదు. ఆ తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోందో, ఎంత వేడిగా ఉందో దాచిపెట్టిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తర్వాత మెకానిక్ దగ్గరికి వెళ్తే అతని చేతికి చిక్కేది ఏమీ ఉండదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే.

సిల్క్‌బోర్డు సన్యాసి:
లాగ్ అంటున్నవ్, మరి ఆయన స్కానర్ల కోడే లేదంటుంది గదా. లేని లాగ్‌ను ఎట్ల డిలీట్ చేస్తం?

పాత పానా:
ఆటో ఎలక్ట్రికల్ పనిలో ముప్పై ఏళ్లు అయింది. పని నేర్చుకున్నది చెన్నై జీపీ రోడ్డులో, చేస్తున్నది ఇక్కడ. కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ ఏడొందల స్కానర్ అబద్ధం ఆడలేదు బాబూ. దానికి ఎయిర్‌బ్యాగ్ గది తలుపు తీయడం రాదు, అంతే. ఈఎల్ఎమ్ 327 రకం చౌక స్కానర్‌కి మామూలు యాప్ పెడితే అది పలకరించేది ఇంజిన్ కంప్యూటర్‌ని, అదీ పొగకు సంబంధించిన కోడ్ల వరకే. పీతో మొదలయ్యేవి ఇంజిన్, గేర్‌బాక్స్. సీ అంటే బ్రేకులు, స్టీరింగు వైపు. బీ అంటే బాడీ, ఎయిర్‌బ్యాగ్ ఇందులోకే వస్తుంది. యూ అంటే ఒక కంప్యూటర్ పిలిస్తే ఇంకోటి పలకడం లేదని. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌తో, అంటే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌తో మాట్లాడాలంటే ఆ కంపెనీ భాష వచ్చిన స్కానర్ ఉండాలి.

సన్యాసి గారి బ్యాటరీ వైద్యం కూడా ఇక్కడ పారదు. పాత బండ్లలో ఇంజిన్ కోడ్లు అలా పోయేవి, నిజమే. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ మాత్రం కరెంటు పోయినా చెరగని చోట రాసుకుంటుంది.

ఇక నా అనుమానం. చాలా బండ్లలో స్టీరియో చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేములోనో, దాని పైనో హజార్డ్ స్విచ్చి ఉంటుంది. దాని పక్కనే "ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఆఫ్" అనే వేలిగోరంత దీపం. ఫ్రేము ఊడదీయాలంటే ఆ సాకెట్టు పీకాలి. కుర్రాడు పీకి ఫ్రేము పక్కన పెట్టి, పాట వస్తోందో లేదో చూద్దామని తాళం తిప్పుతాడు. దీపం కనబడటం లేదని మాడ్యూల్ ఆ క్షణమే రాసేసుకుంటుంది. తర్వాత సాకెట్టు బుద్ధిగా పెట్టేసినా, కొన్ని బండ్లలో స్కానర్‌తో చెరిపేదాకా లైటు ఆరదు. మీవాడు అలా చేశాడా? స్టీరింగు ఏమైనా విప్పాడా?

అనంతపురం అల్లుడు:
అన్నా, స్టీరింగు ముట్టుకోలేదు. కానీ ఆ ఫ్రేము పక్కన పెట్టలేదు, "సార్, కాస్త పట్టుకోండి" అని నా ఒళ్లోనే పెట్టినాడు! వైరు ముక్క వేలాడుతుంటే నేనే పట్టుకోని కూసున్నా. తాళం తిప్పి బేస్ చూపించినాడు, నేనూ తలూపినా.

పాత పానా:
దొంగ దొరికినట్టే ఉన్నాడు. అయినా చూడకుండా ఒట్టు వేయను. సాకెట్టు అసలు పెట్టకుండానే ఫ్రేము మూసేసి ఉండొచ్చు, పిన్ను వంగి ఉండొచ్చు. అందుకే చెరపడం చివరి పని. ముందు కోడ్ చదివి కాగితం మీద రాసుకోవాలి. తప్పు ఇప్పుడూ ఉందా, ఒకప్పుడు జరిగి పోయిందా అన్నది మంచి స్కానర్ చెప్తుంది. ఇప్పుడూ ఉంటే నువ్వు వందసార్లు ఒత్తినా చెరగదు.

ఇంకో రెండు మాటలు. పసుపు రంగు తొడుగు వేసిన వైర్లూ పసుపు సాకెట్లూ కనబడితే చేయి పెట్టకండి, మల్టీమీటర్ అసలు పెట్టకండి. అవి ఎయిర్‌బ్యాగ్‌వి. విప్పాల్సి వస్తే బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి, మాడ్యూల్‌లో దాచిన కరెంటు దిగాలి. ఎన్ని నిమిషాలన్నది బండి మాన్యువల్‌లో ఉంటుంది. రెండోది: కొందరు బ్యాగ్ బదులు రెండు ఓముల రెసిస్టర్ తగిలించి లైటు ఆర్పుతారు. లైటు ఆరుతుంది, బ్యాగ్ మాత్రం తెరుచుకోదు. తాళం తిప్పగానే ఆ బొమ్మ కొన్ని క్షణాలు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో లైటునే చంపారని అర్థం. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ముందు ఇది చూడండి.

హొసూరు రోడ్డు అక్క:
పానా గారితో ఒక్కచోట పేచీ నాది. ప్రతిసారీ చెరపడం చివరి పని కాదండీ. మా బండికి కూడా ఇలాంటి స్టీరియోనే పెట్టించాం. నాలుగు రోజులు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉంచేసరికి బ్యాటరీ చచ్చింది. పక్కింటి వాళ్ల బండితో స్టార్ట్ చేశాక ఏబీఎస్, స్టీరింగు, ఇంజిన్ అన్నీ వెలిగాయి, దీపావళే! మా తమ్ముడు మీటర్ పెట్టి చూస్తే తాళం తీసేశాక కూడా 300 మిల్లీ ఆంప్స్ లాగుతోంది. మామూలుగా 50 దాటకూడదట. లెక్క వేయండి: 0.3 ఆంపులు, 96 గంటలు, దాదాపు 29 ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీయే 35. కారణం ఏంటంటే, ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు వైరుకే, తాళంతో రావాల్సిన ఎర్ర వైరును కూడా కలిపేశారు. స్టీరియోకి నిద్రే లేదు. ఎర్ర వైరు సరిచేసి, బ్యాటరీ ఛార్జ్ చేసి, ఉన్న పద్నాలుగు కోడ్లూ ఒక్కసారే చెరిపాం. ఒక్కటి తిరిగి రాలేదు. వోల్టేజీ పడిపోతే ప్రతి కంప్యూటరూ పక్కదాని మీద ఫిర్యాదు రాస్తుంది. ఆ పద్నాలుగింటినీ ఒక్కొక్కటిగా వెతికితే బండి అమ్ముకోవాలి.

సిల్క్‌బోర్డు సన్యాసి:
జై అక్కా! నేననేది గిదే.

హొసూరు రోడ్డు అక్క:
ఆగండి, పూర్తిగా మీ వైపు లేను. మేం కారణం పట్టుకున్నాకే చెరిపాం. ఇంకోటి, బ్యాటరీ తీసి పెడితే స్టీరింగు లైటు రావడం కూడా చూశా, స్టీరింగు ఎంత తిరిగిందో చూసే యాంగిల్ సెన్సర్ సున్నా ఎక్కడో మర్చిపోతుంది. ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి తిప్పి కాస్త దూరం నడిపితే మాకు అదే ఆరింది. దానికి స్కానరే అక్కర్లేదు.

వైట్‌ఫీల్డ్ జర్మన్:
మా జర్మన్ బండ్ల బాధ వేరు. ఆడియో అంతా మోస్ట్ అనే ఆప్టికల్ ఫైబర్ (వెలుతురు తీగ) గొలుసులో ఉంటుంది. ఒక పెట్టె తీస్తే గొలుసు తెగి మిగతావన్నీ మూగబోతాయి. తీసిన చోట రెండు కొసలనూ లూప్ పెట్టి కలిపితే తప్ప చెరిపినా లాభం లేదు.

లాగ్ చదివేవాడు:
ఇదంతా ఒప్పుకుంటా. కానీ "అక్కలాగా చేశా" అని చెప్పేవాళ్లలో ఎంతమంది కారణం దాకా వెళ్తారు? క్లియర్ బటన్ చేతిలో ఉంటే మీటర్ ఎవరు తీస్తారు? పిల్లలు కూర్చునే బండి, ఆ లైటు వెలుగుతున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ పని చేస్తుందన్న నమ్మకమే లేదు. అల్లుడు గారూ, లైటు తేలకపోతే శుక్రవారం బస్సెక్కండి.

అనంతపురం అల్లుడు:
బస్సు అక్కర్లేకుండా పోయింది. బుధవారం పొద్దున ఇంటి దగ్గరున్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయినా. ఆయన పెద్ద స్కానర్ తగిలిస్తే మొదట అది వెలగనే లేదు. స్కానర్ తగిలించే పోర్టుకూ సిగరెట్ లైటర్‌కూ మా బండిలో ఒకటే ఫ్యూజంట, అది పోయింది. ఐదు రూపాయల ఫ్యూజు మార్చినాడు. (అయితే నా ఏడొందలది ముందు రోజు ఎట్ల వెలిగిందంటారా? రాత్రి నేనే లైటర్‌లో ఛార్జర్‌ను ఎగదోసి, దిగదోసి ఉంటి.) ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో ఒకే కోడ్, ఆ దీపం సర్క్యూట్ తెగిందని. అది ఇప్పుడూ ఉన్న తప్పేనంట. ఫ్రేము తీసి చూస్తే సాకెట్టు సగం దాకా ఎక్కింది, క్లిక్ కాలేదు. బొటనవేలితో నొక్కినాడు, టక్‌మనింది. అప్పుడు స్కానర్లో అది పాత తప్పుగా మారింది. చెరిపినాడు. తాళం తిప్పితే బొమ్మ వెలిగి ఆరింది. నాలుగు సార్లు తిప్పి చూసుకున్నా. తీసుకుంది ఐదొందలు. గోటితో పోయేదానికి సర్వీస్ సెంటరోళ్లు గొడ్డలి తెచ్చినారు.

ఇంకోటి మిగిలింది. బాడీ కంప్యూటర్‌లో యూ0184, అంటే రేడియో పలకడంల్యా అని. అది చెరిపిన నిమిషానికే తిరిగొస్తోంది. మీటర్లో ఏ లైటూ లేదు.

పాత పానా:
దాన్ని వదిలేయ్. కంపెనీ రేడియో కోసం పిలుస్తోంది, కొత్తదానికి ఆ పేరు తెలియదు. ఇప్పుడు బండికి నష్టం లేదు. పాత స్టీరియో మాత్రం అమ్మేయకు, అట్టపెట్టెలో పెట్టి అటక మీద పడెయ్. బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది.

సిల్క్‌బోర్డు సన్యాసి:
ఎట్లైతేంది, ఆఖరికి లైటు చెరిపితేనే పోయింది గదా?

లాగ్ చదివేవాడు:
నొక్కితే పోయిందండీ. చెరపడం తర్వాత జరిగింది.

సిల్క్‌బోర్డు సన్యాసి:
సరే సరే. గా ఐదొందల ఎలక్ట్రీషియన్ నంబర్ నాకు గూడ విడిగా పంపు తమ్మీ. నా బండ్ల ఏబీఎస్ లైటు వచ్చి నెలైంది.