పాత గుల్లల నుంచి డీఎన్‌ఏ: ట్యూబు అడుగున తెల్లపొడి కరగడం లేదు

తీరంగుల్ల (గుంటూరు)
నిజాంపట్నం వైపు చెరువుల తవ్వకంలో నల్లమట్టి కింద దొరికిన గుల్లలు ఇవి. రెండు రకాలు: బుడితగుల్ల (అనడారా గ్రానోసా), కిటికీ అద్దంలా పలచగా ఉండే ప్లాకునా ప్లాసెంటా. రెండోది 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాకెక్కింది. ఒకప్పుడు దాని జన్యు వైవిధ్యం ఎంతో తెలిస్తే ఇప్పటికి ఎంత పోయిందో తేలుతుంది. వాడింది ఎముకల పద్ధతే: 100 మి.గ్రా. పొడి, 1 మి.లీ. 0.5 మోలార్ ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టుకునే రసాయనం), ప్రొటీనేజ్ కే (ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్), 37 డిగ్రీల దగ్గర రాత్రంతా. తెల్లారేసరికి సగం పొడి అడుగునే ఉంటోంది. సీక్వెన్సింగ్‌లో దాదాపు అంతా బ్యాక్టీరియానే. తేడా ఎక్కడ?

కృష్ణలంక_ల్యాబ్ (విజయవాడ)
లెక్కలోనేనండి. ఎముకలో కొల్లాజెన్ అనే ప్రొటీన్, నీరు బాగానే ఉంటాయి, కాబట్టి కాల్షియం తక్కువ. గుల్లలో 95 శాతం పైగా కాల్షియం కార్బొనేటే. దాని అణుభారం 100, అంటే 100 మి.గ్రా.లో ఇంచుమించు 1 మిల్లీమోల్. మీరు పోసిన 1 మి.లీ.లో ఈడీటీఏ 0.5 మిల్లీమోలే. ఒక్కో ఈడీటీఏ అణువు ఒక్క కాల్షియాన్నే పట్టుకుంటుంది కాబట్టి సగం మిగలక తప్పదు. 100 మి.గ్రా.కి 2.5 మి.లీ. పోసి, 24 గంటలు తిప్పుతూ ఉంచండి. త్వరగా కరుగుతుందని హైడ్రోక్లోరిక్ ఆమ్లం జోలికి మాత్రం పోవద్దు. బుసబుసా పొంగి గుల్ల కరిగిపోతుంది గానీ, ప్యూరిన్లు (డీఎన్‌ఏలోని ఏ, జి అక్షరాలు) ఊడిపోయి డీఎన్‌ఏ గొలుసు తెగుతుంది.

పొడి తీసేటప్పుడు డ్రిల్లు అతి నెమ్మదిగా తిప్పండి. కాలిన వెంట్రుకల వాసన తగిలినా, పొడి గోధుమరంగుకి తిరిగినా అక్కడితో ఆపేయండి, ఆ పొడి పనికిరాదు. బుడితగుల్లకైతే పైపొర ఒక మిల్లీమీటరు గీసేసి, కీలు దగ్గరి దళసరి భాగం తీసుకోండి. ప్లాకునాకి అంత మందం ఎక్కడిది? స్కాల్పెల్‌తో పైన గీకి, 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో కొద్ది నిమిషాలు ఉంచి, డీఎన్‌ఏ లేని నీళ్లతో మూడుసార్లు కడిగి ఆరబెట్టి నూరండి.

ఇంకోటి, డీఎన్‌ఏ కోసం పొడి చేసే ముందే చిటికెడు పొడితో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (స్ఫటిక రూపం తేల్చే పరీక్ష) చేయించండి. కాల్షియం కార్బొనేట్‌కి అరగొనైట్, కాల్సైట్ అని రెండు స్ఫటిక రూపాలు; బుడితగుల్ల సహజంగా అరగొనైట్. కాల్సైట్ కనబడితే అది కాలిందో, మళ్లీ స్ఫటికీకరణ చెందిందో అనుకోవాలి, పక్కన పెట్టేయండి. ప్లాకునా పుట్టుకతోనే దాదాపు అంతా కాల్సైట్, దానికి ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

తీరంగుల్ల (గుంటూరు)
2.5 మి.లీ.కి 13 రెట్లు బైండింగ్ బఫర్ (డీఎన్‌ఏని సిలికాకి అంటించే ద్రావణం) అంటే 32.5 మి.లీ. అవుతుంది కదండీ. చిన్న సిలికా కాలమ్‌లో పట్టేదెలా?

కృష్ణలంక_ల్యాబ్ (విజయవాడ)
కాలమ్ మీద గరాటులాంటి రిజర్వాయర్ బిగించి, దాన్ని 50 మి.లీ. ట్యూబులో పెట్టి, ద్రవాన్ని విడతలుగా పోస్తూ సెంట్రిఫ్యూజ్ చేయండి. పెద్ద అణువులను ఆపే 30 కిలోడాల్టన్ ఫిల్టర్‌తో ముందే చిక్కబరచడం తేలిక గానీ, అందులో మరీ పొట్టి ముక్కలు జారిపోతాయి. పాత గుల్లలో మనకు కావలసినవి ఆ పొట్టి ముక్కలే. అందుకే నా ఓటు గరాటుకే.

నల్లమట్టి_22
బ్యాక్టీరియా ఎక్కువ రావడం ఇలాంటి గుల్లల్లో మామూలే. స్పాంజి అనే సముద్రజీవి తొలిచిన సన్నటి రంధ్రాలున్న చోట పొడి తీయకండి, అక్కడ మరీ ఎక్కువ. కానీ ఆ రీడ్లు (సీక్వెన్సింగ్‌లో చదివిన డీఎన్‌ఏ ముక్కలు) పారేయొద్దని నా మనవి. 2017లో వెలువడిన పరిశోధనలో దాదాపు 7,000 ఏళ్ల నాటి సముద్ర గుల్లల్లోనూ డీఎన్‌ఏ దొరికింది. చిప్పలకు గోధుమ వలయం రోగం తెచ్చే విబ్రియో టాపెటిస్ అనే బ్యాక్టీరియా ఆనవాలు కూడా గుల్లలోనే పట్టుబడింది. రోగంతో తగ్గిపోతున్న జాతికి అంతకన్నా విలువైన సమాచారం ఏముంటుంది?

పద్ధతి సరిపోయిందో లేదో ముందు బుడితగుల్ల మీద చూడండి, దానికి 2021లోనే పూర్తి జన్యుక్రమం వచ్చింది. 30 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) కన్నా పొట్టి రీడ్లు వదిలేయండి. పాతబడిన డీఎన్‌ఏలో సి అక్షరం టి లా కనబడుతుంది, కాబట్టి ముక్కల చివర్లలో సి స్థానంలో టి పెరిగిందా చూడండి. పెరగకపోతే అది కొత్త డీఎన్‌ఏ కలిసిందనడానికి గుర్తు. ప్రతి విడతలో గుల్ల లేని ఖాళీ ట్యూబు ఒకటి చివరిదాకా నడవాలి.

మామూలు పీసీఆర్ (డీఎన్‌ఏకి లెక్కలేనన్ని నకళ్లు తీసే పని) నడిచే గదిలో మాత్రం ఈ పని వద్దు. గుల్లలు నీడన ఆరబెట్టి, అల్యూమినియం ఫాయిల్లో చుట్టి, 4 డిగ్రీల దగ్గర దాచండి. మే నెలలో కారు డిక్కీలో గంటసేపు వదిలేసినా నష్టమే. పొడి తీయడం, కరిగించడం లక్నో బీర్బల్ సాహ్ని సంస్థలాంటి ప్రాచీన డీఎన్‌ఏ ల్యాబులోనే చేయించండి. ప్లాకునా ఖాళీ చిప్పే కదా అనుకోకండి. 2022 సవరణతో వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లు (జాబితాలు) మారాయి, పంపే ముందు ఇప్పటి జాబితా చూసుకుని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోండి.