సమస్యాపూరణం: "దొంగతనముఁ జూచి పొంగెఁ దండ్రి"

నిర్వాహకుడు:
ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. వేసవి సెలవులు కదా, అమెరికాలో ఉన్న మనవాళ్ళు చాలామంది పిల్లల్ని కార్లో ఎక్కించుకుని రోడ్ ట్రిప్పుల మీద ఉన్నారు, అందుకని నియమం ఒక్కటే, పూరణలో తండ్రీబిడ్డల ప్రయాణమో బేస్‌బాలో రెండూనో రావాలి. వెన్నదొంగ కృష్ణుడు మాత్రం వద్దండి, అది అందరికీ తట్టేదే. యతి చూసుకోండి, దొంగ - పొంగె, ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిశాయి.

ఎడిసన్ నాన్న:
మావాడి బేస్‌బాల్ టీమ్‌కి న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ దగ్గర టోర్నమెంట్ ఉంటే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి నేనూ వాడూ కార్లో వెళ్ళాం, దారంతా కొండలూ పాడి ఆవులూ, వాడేమో డగౌట్‌లో, అంటే ఆటగాళ్ళు కూర్చునే చోట, తినడానికి కొన్న పొద్దుతిరుగుడు గింజలు సగం కార్లోనే అవగొట్టాడు. ఆటలో వాడు సెకండ్ బేస్ స్టీల్ చేశాడు, అంటే పిచర్ బ్యాటర్‌కి బంతి వేస్తుండగానే పరుగెత్తి తర్వాతి బేస్ పట్టేశాడు, బేస్‌బాల్‌లో దాన్నే దొంగిలించడం అంటారు, తెల్ల ప్యాంటు మోకాలి నుంచి నడుం దాకా ఎర్రమట్టి. ఆ రాత్రే హోటల్లో రాసుకున్నాను.

బంతి విసరువేళ బాలుఁడు రెండవ
బేసుఁ జేరె జారి పిడుగువోలె
దుమ్ము దులుపుకొనుచుఁ దోటివారలు మెచ్చ
దొంగతనముఁ జూచి పొంగెఁ దండ్రి.

గుంటూరు మాస్టారు:
చాలా బాగుంది నాయనా. గణాలు సరిపోయాయి, యతులూ సరిపోయాయి, రెండో పాదంలో బే - పి మైత్రి చక్కగా కుదిరింది. ఒక్క అన్వయం దగ్గరే ఇబ్బంది. "చేరె" అని క్రియ ముగిసిపోయాక "దులుపుకొనుచు" అన్నావు, అది వెళ్ళి తోటివారలకి అంటుకుంటోంది, దుమ్ము దులుపుకునేది వాళ్ళన్నట్టు వస్తోంది. "దులుపుకొనఁగ" అను, కొనఁగ కూడా మూడు లఘువులే, గణం కదలదు, వాడు దులుపుకుంటుంటే వాళ్ళు మెచ్చారని అర్థం తిన్నగా కూర్చుంటుంది.

డాలస్ కోచ్:
పద్యాల సంగతి నాకంతగా తెలీదు గానీ ఆట సంగతి చెప్తాను. పిల్లల బేస్‌బాల్ లీగ్ అయిన లిటిల్ లీగ్‌లో 12 ఏళ్ళ దాకా ఆడే పిల్లలకి పిచర్ వేసిన బంతి బ్యాటర్ని చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. పెద్దవాళ్ళ ఆటలో అయితే ఆ అడ్డు లేదు. కాబట్టి "విసరువేళ" అంటే అంపైర్ వెనక్కి పంపేస్తాడు, "దాటువేళ" అంటే ఎలా ఉంటుంది?

గుంటూరు మాస్టారు:
దాటు కూడా సూర్యగణమే, హాయిగా పడుతుంది. ఆట తెలిసినవాళ్ళు ఇలా చెప్తేనే మాకూ తెలిసేది.

ఎడిసన్ నాన్న:
మాస్టారూ, కొనఁగ తీసుకున్నాను, ధన్యవాదాలు. కోచ్ గారూ, మీరు చెప్పింది లిటిల్ లీగ్‌కి నిజమే, మేం ఆడిన చోట మాత్రం లీడ్ తీసుకోనిచ్చారు, అంటే బంతి వేయకముందే బేస్ వదిలి నాలుగడుగులు ముందుకు జరగనిచ్చారు, మావాడు పిచర్ కాలెత్తగానే పరుగెత్తాడు, నా కళ్ళతో చూశాను, అందుకని విసరువేళే ఉంచుతాను.

బఫెలో పద్య:
మేం ఆట చూళ్ళేదు, నయాగరాకే వెళ్ళాం. నీటి తుంపర్లు మొహానికి కొడుతుంటే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం, పాప చేతిలో చిప్స్ ప్యాకెట్, సీగల్ వచ్చి టక్కున లాక్కుపోయింది.

నయగరాకు వచ్చి నాన్నయుఁ గూఁతురు
చిప్సు తినుచునుండఁ జెంతఁ జేరి
పాప చేతినుండి పక్షి లాగుకుపోవ
దొంగతనముఁ జూచి పొంగెఁ దండ్రి.

గుంటూరు మాస్టారు:
దృశ్యం కళ్ళకు కట్టిందమ్మా. "లాగుకుపోవ" మాట్లాడే భాష, మిగతా పద్యం గ్రాంథికంలో నడిచింది గనక "పక్షి కాజేయంగ" అంటే కలిసిపోతుంది. అసలు చిక్కు వేరే ఉంది. బిడ్డ తిండి పక్షి ఎత్తుకుపోతే తండ్రి నవ్వొచ్చు, అయ్యో అనొచ్చు, పొంగడం ఎందుకు? సమస్య ఇచ్చినవాడు పొంగె అని మెలిక పెట్టింది అక్కడే, ఆ సంతోషానికి కారణం మూడు పాదాల్లోనే పుట్టాలి. మొదటి పూరణలో దొంగతనమే ఆటలో ఘనకార్యం, కాబట్టి తండ్రి పొంగడం సహజం. ఇక్కడ దొంగతనం దొంగతనంగానే మిగిలిపోయింది. పాప భయపడకుండా నవ్విందనో, ఇంకా రమ్మని పిలిచిందనో ఒక్క మాట పడితే నిలబడుతుంది, మళ్ళీ ప్రయత్నించు తల్లీ.

కూపర్స్‌టౌన్ యాత్రికుడు:
మా అమ్మాయితో కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళొచ్చాను, 1939లో తెరిచిన మ్యూజియం, ఊరు చిన్నది, పక్కనే ఒట్సీగో సరస్సు. తను గొప్ప ఆటగాళ్ళ ప్లేక్‌లు, అంటే ఫలకాలు, పెట్టిన గదిలో రికీ హెండర్సన్ ముందు ఆగిపోయింది, 1406 బేసులు దొంగిలించిన మనిషి మరి. నేను ఆగింది జాకీ రాబిన్సన్ దగ్గర. 1947లో అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి నల్లవాళ్ళని రానివ్వని గోడ పగలగొట్టినవాడు. 1955 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) మొదటి ఆటలో, అవతలి జట్టు క్యాచర్ యోగి బెర్రా ఉండగానే, ఆయన హోమ్ స్టీల్ చేసిన, అంటే రన్ పూర్తయ్యే చివరి బేస్ దొంగిలించిన, వీడియో ఫోన్‌లో పెట్టి చూపించాను.

రయముతోడఁ దెరను రాబిన్సనుఱికెడు
నాఁటి యాటఁ జూపె నాన్న సుతకు
బెర్ర యాపలేని వీరుని యా హోము
దొంగతనముఁ జూచి పొంగెఁ దండ్రి.

డాలస్ కోచ్:
అబ్బ, హోమ్ స్టీల్! సెకండ్ బేస్ అయితే బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ బంతి అందుకుని అంత దూరం విసరాలి, ఆ వ్యవధి రన్నర్‌కి దొరుకుతుంది. హోమ్ దగ్గర పిచర్ బంతి వేసేదే క్యాచర్ చేతిలోకి, రన్నర్ వెళ్ళేదీ అక్కడికే, అంటే బంతితో పందెం. యోగి బెర్రా చివరిదాకా వాడు ఔటే అన్నాడు. ఆ ఆట రాబిన్సన్ జట్టు డాడ్జర్స్ ఓడిపోయారు, సిరీస్ గెలిచారు.

గుంటూరు మాస్టారు:
ఇది చదివాక పద్యం ఇంకా పైకి లేచింది. బె - వీ యతి మంచిది, "వీరుని యా హోము" దగ్గర పాదం ఆగకుండా నాలుగో పాదంలోకి జారింది, అలా సమస్యని వాక్యం మధ్యలో కలిపేయడం అందరికీ చేతకాదు. ఒకటే అభ్యంతరం, "రయముతోడ" ముందుండి "చూపె"కి అన్వయిస్తోంది, తండ్రి వేగంగా చూపించాడేమో అనిపిస్తుంది. ఉఱికెడుకి దగ్గరగా జరిపే దారి చూడండి, యతి ర అక్షరం మీదే ఉంది గనక కొంచెం కష్టమే.

కూపర్స్‌టౌన్ యాత్రికుడు:
"రన్ను కొఱకుఁ దెరను రాబిన్సనుఱికెడు" అంటే?

గుంటూరు మాస్టారు:
భేష్. అదే ఉంచండి.