అప్‌డేట్: టూపాక్ 'ఆల్ ఐజ్ ఆన్ మీ' పూర్తిగా విన్నాక

అమెరికన్ ర్యాపర్ టూపాక్ చేసిన 27 పాటల ఈ డబుల్ ఆల్బమ్ (రెండు డిస్క్‌లది) ఇప్పుడు మొత్తం వినడం దండగా, సగం చాలా అని అప్పట్లో అడిగాను. చాలామంది మొదటి డిస్క్ చాలన్నారు. నేను మాత్రం రెండూ వరసగా విన్నాను.

టూపాక్ 1995 అక్టోబర్‌లో జైలు నుంచి బెయిల్ మీద బయటికొచ్చి వెంటనే స్టూడియోలో కూర్చున్నాడు. 1996 ఫిబ్రవరికల్లా ఆల్బమ్ వచ్చేసింది. ఆ తొందర, ఆ ఆకలి మొదటి పాట నుంచే గొంతులో తెలుస్తాయి. 'ఐ ఎయింట్ మ్యాడ్ ఎట్ చా'లో, ముస్లింగా మారి వీధి బతుకు వదిలేసిన స్నేహితుడి మీద కోపం లేదంటాడు. పియానో, డానీ బాయ్ పాడిన పల్లవి ఇప్పటికీ గుండె పిండేస్తాయి. దాని వెంటనే ఫోన్‌లో సరసాల పాట! ఆ వరస నాకసలు నచ్చలేదు.

ఆడవాళ్ల గురించి వాడిన మాటలు ఈ వయసులో మింగుడు పడట్లేదు. రెండో డిస్క్‌లో పార్టీ పాటలు కొన్ని తీసేయొచ్చు. కానీ 'పిక్చర్ మీ రోలిన్' అక్కడే ఉంది. చివర్లో జైలు వాళ్లని ఉద్దేశించి అతను మాట్లాడే మాటలు వినాల్సిందే. అందుకే సగం చాలన్నవాళ్లతో నేను ఏకీభవించను.