ఇంగ్లండ్‌లో పారిష్ మైదానంలో ట్రావెలర్ల కారవాన్లు: నియమాల కాగితంలో ఏం రాయాలి?

కొత్త_కౌన్సిలర్ (ప్రశ్న)

నమస్తే అండీ. యార్క్‌షైర్‌లో చిన్న పారిష్ కౌన్సిల్ (మన గ్రామ పంచాయతీ లాంటిది) మాది. ఆటస్థలం పక్క గడ్డినేలలో ట్రావెలర్ (ఊరూరా తిరిగే సంచార) కుటుంబాలు ఏడు కారవాన్లతో, అంటే బండికి తగిలించి లాగే ఇళ్ళతో, దిగాయి. వాళ్ళకివ్వడానికి ఒక పేజీ ప్రవర్తనా నియమాలు రాసే పని నాకు అప్పజెప్పారు. ఇప్పటికి రాసింది ఇంతే: చెత్త వేయరాదు, మంట పెట్టరాదు, కుక్కలను వదలరాదు, రాత్రి శబ్దం చేయరాదు. ఇది చాలుతుందా? వినకపోతే పోలీసులు వెంటనే ఖాళీ చేయిస్తారా? నోటీసు అంటిస్తే 24 గంటల్లో పోవాల్సిందేనని ఇక్కడి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో గట్టిగా చెబుతున్నారు.

చట్టం_వైపు

వాట్సాప్ చట్టం పక్కన పెట్టండి. 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం సెక్షన్ 77 కింద వెళ్ళిపొమ్మనే ఆదేశం ఇవ్వగలిగేది జిల్లా, కౌంటీ కౌన్సిళ్ళ వంటివే. పారిష్‌కు ఆ అధికారం లేదు. అందులోనూ ‘వీలైనంత త్వరగా’ అనే ఉంది, గంటల లెక్క లేదు. కాబట్టి మీ జిల్లా లేదా కౌంటీ కౌన్సిల్‌ను అడగాలి, లేదా స్థలం మీదే కనుక కౌంటీ కోర్టులో పొసెషన్ ఆర్డర్‌కు (స్థలం తిరిగి అప్పగించమనే ఆదేశానికి) వెళ్ళాలి.

పోలీసుల సంగతి. అనుమతి లేకుండా ఒకరి నేలలో బండితో మకాం పెట్టడం గురించిన సెక్షన్ 60సిని 2022లో వచ్చిన పోలీసు చట్టం ఆ 1994 చట్టంలో చేర్చింది; 2022 జూన్ 28 నుంచి అది అమల్లో ఉంది. శిక్ష మూడు నెలల జైలు లేదా 2,500 పౌండ్ల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఊరికే గడ్డి మీద ఆగినంత మాత్రాన అది నేరం కాదు. గణనీయమైన నష్టమో, అంతరాయమో, వేదనో కలగాలి, లేదా కలిగే అవకాశం ఉండాలి. పైగా వెళ్ళమని అడిగినా వెళ్ళకపోయి ఉండాలి. ఒకసారి వెళ్ళమన్నాక అదే చోటికి తిరిగి రాకూడని గడువును ఆ 2022 చట్టమే మూడు నెలల నుంచి పన్నెండు నెలలకు పెంచింది. ఈ పెంపు మానవ హక్కులకు పొసగదని 2024 మేలో హైకోర్టు ప్రకటించింది. అలాంటి ప్రకటనతో చట్టం దానంతటదే రద్దయిపోదు.

చాలామంది తప్పుటడుగు వేసేది ఇంకోచోట. ‘ఫలానా తేదీ దాకా ఉండండి’ అని రాసిచ్చారంటే మీరు అనుమతి ఇచ్చినట్టే. ఆ గడువులో వాళ్ళు అక్రమంగా ఉన్నవాళ్ళు కారు, కోర్టుకెళ్తే మీ కాగితమే మీకు అడ్డం వస్తుంది. అనుమతి ఇవ్వదలచుకుంటే నిండుగా ఇవ్వండి: తేదీ, కారవాన్ల సంఖ్య, ఏ నియమం తప్పితే అనుమతి పోతుందో. ఇవ్వదలచుకోకపోతే ఆ మాటే స్పష్టంగా రాయండి. సగం సగం వద్దు. ఏ నిర్ణయానికైనా ముందు గర్భిణులు, జబ్బు మనుషులు, బడి పిల్లలు ఉన్నారేమో అడిగి, రాసి పెట్టుకోండి. రోమనీ జిప్సీలు, ఐరిష్ ట్రావెలర్లు 2010 సమానత్వ చట్టం కింద జాతి సమూహాలు. ఆ చట్టం పారిష్‌కూ వర్తిస్తుంది.

మజిలీ

మీ డ్రాఫ్టులో అన్నీ ‘రాదు’లే. చెత్త ఎక్కడ వేయాలో చెప్పకుండా వేయొద్దంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? లీడ్స్‌లో ఏళ్ళుగా నడుస్తున్న ‘నెగోషియేటెడ్ స్టాపింగ్’ పద్ధతి చూడండి. గడువు మాట్లాడుకుంటారు, కౌన్సిల్ డబ్బాలు, టాయిలెట్లు పెడుతుంది, కుటుంబాలు నియమాలకు ఒప్పుకుంటాయి.

బిల్డర్లు వాడే మూతలేని స్కిప్ (పెద్ద ఇనప చెత్తతొట్టి) మాత్రం తెప్పించకండి. రెండో రోజుకల్లా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ పాత సోఫాలు, పరుపులు అందులో తేలతాయి, పేరు మాత్రం ట్రావెలర్లకు వస్తుంది. మూతా తాళమూ ఉన్న 1,100 లీటర్ల చక్రాల డబ్బాలు ఏడు కారవాన్లకు రెండు పెట్టి, వారానికి రెండుసార్లు ఖాళీ చేయించండి. తాళంచెవి ఆ గుంపులో ఒకరి దగ్గర ఉంచండి.

వాళ్ళు చేసే కూలి పనుల్లో వచ్చే చెత్త వేరు: చెట్లు కొట్టిన కొమ్మలు, కూల్చిన ఇటుకలు. దాన్ని మోయడానికి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ పర్యావరణ సంస్థలో వేస్ట్ క్యారియర్‌గా (చెత్త మోసేవారిగా) నమోదు ఉండాలి, లైసెన్సున్న చోటే దించాలి. ఇళ్ళ చెత్త కేంద్రాల గేట్ల దగ్గర చాలాచోట్ల ఎత్తు అడ్డుకర్ర ఉంటుంది, వ్యాన్లు లోపలికి పోవు. దగ్గరలో వ్యాపార చెత్త తీసుకునే చోటు, వేళలు కాగితం మీదే రాస్తే సగం గొడవ తప్పుతుంది.

మంట పూర్తిగా వద్దంటే ఎవరూ పాటించరు. నేలకు తగలకుండా కాళ్ళున్న ఇనప కుంపటిలో, కారవాన్లకు ఆరు మీటర్ల దూరంలో, కట్టె మాత్రమే అని రాయండి. కేబుల్, టైర్లు, ప్లాస్టిక్ కాల్చడం మాత్రం ఖచ్చితంగా నిషేధం. కారవాన్ల మధ్య కూడా ఆరు మీటర్లు ఉండాలి. శాశ్వత సైట్ల ప్రమాణం అదే, గ్యాస్ సిలిండర్లు ఉన్నచోట అది ఊరికే పెట్టిన లెక్క కాదు. జనరేటర్ రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా ఆపాలి. ‘శబ్దం చేయరాదు’ కంటే గడియారం నయం.

కొత్త_కౌన్సిలర్

చాలా థాంక్సండీ. కారవాన్లలో టాయిలెట్ ఎలాగూ ఉంటుంది కదా, బయట పోర్టబుల్‌వి పెట్టడం దండగ ఖర్చని మా ఛైర్మన్ అంటున్నారు.

మజిలీ

ఉంటుంది, కానీ చాలా కుటుంబాలు వాడవు. వండుకునే, పడుకునే చోట మరుగుదొడ్డి ఉండటం వాళ్ళకు అశుచి. గిన్నెలు తోమే తొట్టి, చేతులు కడిగే తొట్టి కూడా వేరువేరు. మన పాత ఇళ్ళలో దొడ్డి పెరటి చివర ఉండేది చూడండి, అలాంటి మడే. అందుకని పోర్టబుల్ టాయిలెట్లు పెట్టకపోతే పొదల వెనక ఏం జరుగుతుందో తెలిసిందే, ఫిర్యాదుల్లో మొదటిదీ అదే. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి, రెండూ ఎదురెదురుగా కాకుండా, గుడారాలకూ కారవాన్ల తలుపులకూ దూరంగా పెట్టండి. ట్యాంకరు వెళ్ళగలిగే గట్టినేల మీదే ఉండాలి. లేకపోతే వాన పడ్డ వారం ఖాళీ చేసే బండి దిగబడుతుంది. కనీసం వారానికోసారి ఖాళీ చేయించాలి. కారవాన్‌లోని క్యాసెట్ టాయిలెట్ (బయటికి లాగి పారబోసే చిన్న ట్యాంకున్నది) వాడేవాళ్ళు ఉంటే అది సుమారు ఇరవై లీటర్లే, రెండు మూడు రోజుల్లో నిండుతుంది. ఎక్కడ పారబోయాలో కూడా చెప్పండి. వాననీటి కాల్వలో మాత్రం కాదు.

ఇంకో మాట. కాగితం తలుపుకు అంటించి రావద్దు. చదువురాని పెద్దలు కొందరుంటారు. నిలబడి చదివి వినిపించండి, ఫోన్ నంబరు ఇవ్వండి.

చట్టం_వైపు

గుర్రాలు ఉంటే ఒక వాక్యం కలపండి: కట్టిన గొలుసు ఎటు తిరిగినా కాలిబాటకు, రోడ్డుకు అందకూడదు, నీళ్ళు అందాలి. అనుమతి లేకుండా వదిలిన గుర్రాన్ని 2015 గుర్రాల నియంత్రణ చట్టం కింద పట్టి ఉంచవచ్చు, కానీ 24 గంటల్లోగా పోలీసులకు, యజమాని తెలిస్తే యజమానికి చెప్పాలి. 96 గంటలు ఆగితే గానీ దాన్ని అమ్మే, వదిలించుకునే హక్కు రాదు. దిగిన రోజే నేల ఫొటోలు తీసిపెట్టుకోండి, గడ్డి మీద పాత టైరు గుంతలతో సహా.